సర్వరులకు హార్డ్ డిస్కుల యెంపిక

ఒక ఆసుపత్రియో, కళాశాలయో, సహకార బ్యాంకో తనకొక సర్వరును సమకూర్చుకొనదలచినప్పుడు, ప్రాసెసరును గూర్చియు మెమొరీని గూర్చియు నిపుణులతో దీర్ఘముగా చర్చించు పెద్దలు సైతము, డిస్కుల విషయము వచ్చుసరికి ఎన్ని టెరాబైట్లు, ఎంత ధర యను రెండు ప్రశ్నలతో తృప్తి చెందుట చూచుచున్నాము. ప్రాసెసరు చెడినచో మఱొకటి తెచ్చి పెట్టినంతనే పని సాగును. డిస్కు చెడినచో దానితోపాటు పదేండ్ల ఖాతాలును, రోగుల రికార్డులును, విద్యార్థుల మార్కులును పోవును. అట్టి వస్తువును ధరల పట్టిక చూచి కొనుటకన్న, అది చెడిననాడు ఏమి జరుగును, పూర్వస్థితికి వచ్చుటకు ఎన్ని గంటలు పట్టును, ఆ గంటలలో మఱొకటి గూడ చెడినచో గతి యేమి యని ముందుగా ఆలోచించి, ఆ సమాధానములకు దగిన డిస్కును వెదకుట యుక్తము. ఈ వ్యాసమున తయారీదారుల వాగ్దానములను, పరిశోధకుల నిర్ణయములను, కొనుగోలుదారుల భ్రమలను ఆ దృష్టితోనే పరిశీలింప యత్నించితిని.

హార్డ్ డిస్కు చరిత్ర 1956లో ఐబీఎం సంస్థ కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో రూపొందించిన రామాక్ యంత్రముతో ఆరంభమైనది. 24 అంగుళముల వ్యాసముగల 50 పళ్లెములు ఒకే యిరుసుపై తిరుగుచుండగా, 50 లక్షల అక్షరములను, అనగా నేటి లెక్కలో నాలుగు మెగాబైట్లకు లోబడిన సమాచారమును, అది భద్రపఱచెడిది; చదువు తల కోరిన చోటికి చేరుటకు సగటున 600 మిల్లీసెకన్లు పట్టెడిది. నేటి డిస్కు అరచేతిలో నిమిడియు 30 టెరాబైట్లను మోయుచున్నది. అనగా సామర్థ్యము సుమారు ఎనుబది లక్షల రెట్లు పెరిగినది. తల కదలికకో, నేటికిని ఎనిమిది మిల్లీసెకన్లు పట్టుచున్నందున, ఆ విషయమున కలిగిన అభివృద్ధి నూఱు రెట్లకైనను చేరలేదు. గాదె పెరిగినంతగా గాదె నోరు పెరుగలేదు. డిస్కులను గూర్చి మనము పడు చిక్కులలో అధికభాగము ఈ యసమానవృద్ధినుండియే పుట్టినవి.

ఈ లోపమును సవరించుటకై ఇంజనీర్లు తొలుత పళ్లెముల భ్రమణవేగమును పెంచిరి. సీగేట్ సంస్థ 1992లో బరకూడా యను పేరుతో నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు డిస్కును, 1996లో చీతా యను పేరుతో 10,000 చుట్ల డిస్కును, 2000లో 15,000 చుట్ల డిస్కును విడుదల చేసినది. కోరిన సమాచారము తల యొద్దకు వచ్చుటకు సగటున అర్ధభ్రమణము పట్టును గనుక, ఆ నిరీక్షణ మొదటి దానియందు 4.17 మిల్లీసెకన్లు, చివరి దానియందు 2 మిల్లీసెకన్లు. ఈ రెండు మిల్లీసెకన్ల లాభమునకై బ్యాంకులును టెలిఫోను కంపెనీలును ఎక్కువ ధరను, ఎక్కువ విద్యుత్తును, ఎక్కువ వేడిని చాలకాలము భరించినవి. తిరుగు భాగమే లేని ఎస్ఎస్‌డీలు వచ్చిన పిమ్మట ఆ పోటీకి అర్థము లేకపోయినది; అత్యంత వేగముగల హార్డ్ డిస్కు సెకనుకు అక్కడక్కడి ఇన్నూఱు చదువులు పూర్తి చేయుటకే శ్రమపడుచుండగా, సాధారణమైన ఎస్ఎస్‌డీ పదివేలను అవలీలగా దాటుచున్నది. కావున డేటాబేసులను, వర్చువల్ యంత్రములను ఎస్ఎస్‌డీలపై నుంచి, టెరాబైటు ధర నేటికిని చాల తక్కువగానున్న హార్డ్ డిస్కును నిఘా కెమెరాల వీడియోలకు, స్కాను చేసిన పత్రములకు, వైద్యచిత్రములకు, బ్యాకప్పులకు వినియోగించుట ఉచితము. 10,000, 15,000 చుట్ల డిస్కులను నేడు కొత్త సర్వరుకై కొనుట, పాత యంత్రమున విడిభాగముగా కావలసివచ్చిననే తప్ప, ధనవ్యయము మాత్రమే.

7,200 చుట్ల డిస్కులలోనే తయారీదారులు మూడు తెగలు కల్పించినారు: ఇంటి కంప్యూటరుకు ఒకటి, నెట్‌వర్కుపై ఫైళ్లను నిలువచేయు నాలుగైదు డిస్కుల చిన్న నాస్ పెట్టెకు ఒకటి, సర్వరులకు ఎంటర్‌ప్రైజ్ తెగ యొకటి. మూడింటి లోపల నుండునది ఒకే యంత్రము, పైనున్న చీటీ మాత్రమే వేఱు అని దుకాణదారులు కొందఱు చెప్పెడి మాట వినికికి ఇంపుగా నుండునుగాని సంపూర్ణసత్యము కాదు. సంవత్సరమునకు చదువు వ్రాతలు కలిపి ఎంత భారము మోయగలదో చెప్పు పరిమితి ఇంటి డిస్కులకు 55 టెరాబైట్లు, నాస్ డిస్కులకు సాధారణముగా 180, ఎంటర్‌ప్రైజ్ డిస్కులకు 550గా పత్రములలో కనుపించును. వారంటీ గూడ రెండేండ్లనుండి ఐదేండ్లకు పెరుగును. ఈ యంకెలకన్న ముఖ్యమైన భేదములు రెండు గలవు. మొదటిది కంపనమును గూర్చినది. ఒకే పెట్టెలో పండ్రెండు డిస్కులు తిరుగుచుండగా ప్రతిదాని కదలికయు ప్రక్కదాని తలను చలింపజేయును; ఎంటర్‌ప్రైజ్ డిస్కులయందు ఆ కంపనమును పసిగట్టి తలను సర్దు సెన్సరు లుండును. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో పనిచేయుచుండిన బ్రెండన్ గ్రెగ్ యను ఇంజనీరు డిస్కుల వరుస యెదుట నిలిచి బిగ్గరగా అఱచి, ఆ అఱపుతో డిస్కుల ప్రతిస్పందనకాలము ఒక్కసారిగా పెరుగుటను తెరమీద గ్రాఫుతో సహా చూపి చిత్రీకరించెను. మనుష్యుని కేకకే తొట్రుపడు యంత్రమునకు ప్రక్కనున్న పదకొండు మోటార్ల సహవాసమెంత బాధాకరమో పాఠకులు ఊహింతురుగాక.

రెండవ భేదము మఱింత సూక్ష్మము, మఱింత ప్రమాదకరము. పళ్లెముపై ఒక చోటు సరిగా చదువుటకు రానప్పుడు ఇంటి డిస్కు పట్టు విడువక మరల మరల యత్నించుచు, పదులకొలది సెకన్లు మౌనముగా నుండిపోవును. ఆ సమాచారమునకు వేఱు ప్రతి లేని చోట ఈ పట్టుదల గుణమే. కాని పలు డిస్కులను జతపఱచిన రెయిడ్ వ్యూహమునందు కావలసిన సమాచారము తక్కిన డిస్కులనుండి లెక్కగట్టి తెచ్చుకొనవచ్చును. అచ్చట నియంత్రించు కార్డునకు కావలసినది శీఘ్రమైన సమాధానము. డిస్కు కొన్ని సెకన్లకుమించి పలుకకున్నచో అది చెడినదని నిశ్చయించి కార్డు దానిని వరుసనుండి వెడలగొట్టును. ఈ కారణమున ఎంటర్‌ప్రైజ్, నాస్ డిస్కులలో ప్రయత్నకాలమును సుమారు ఏడు సెకన్లకు కట్టడి చేయుదురు. డిస్కులు ఊరక వెలివేయబడుచున్నవని మొరపెట్టుకొను చిన్న కార్యాలయములలో విచారించినచో, తఱచుగా తేలునది చవుకకు వచ్చెనని కొనిన ఇంటి డిస్కులే. అవి చెడినవి కావు, ఆలస్యముగా బదులు చెప్పినవి.

ఇక మన్నికను గూర్చి. డిస్కు పత్రమున 25 లక్షల గంటలు అను అంకె కనుపించును. దానిని సంవత్సరములలోనికి మార్చిన 285 ఏండ్లగును. ఏ డిస్కును అంతకాలము బ్రదుకదు. తయారీదారుడు గూడ అట్లు చెప్పుట లేదు. వేయి డిస్కులను ఒక యేడు నడపినచో మూడో నాలుగో చెడునని, అనగా ఏటికి 0.35 శాతమని దాని యర్థము. ఆ యర్థమైనను నిజమగునా యని 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ అనువారు సుమారు లక్ష డిస్కుల రికార్డులను పరిశీలించిరి. నాటి పత్రములు వాగ్దానము చేసినది ఏటికి 0.88 శాతమునకు మించని వైఫల్యము. వారు కనుగొన్నది సాధారణముగా 2 నుండి 4 శాతము, కొన్ని చోట్ల 13 శాతము వఱకు మార్పిడి. ఖరీదైన స్కజీ, ఫైబర్ ఛానెల్ డిస్కులు చవుకైన సాటా డిస్కులకన్న ఎక్కువకాలము మన్నినట్లును వారికి కానరాలేదు. అదే యేట గూగుల్ సంస్థ పరిశోధకులు తమ లక్షకు పైబడిన డిస్కులను గూర్చి మఱొక పత్రమును సమర్పించిరి. డిస్కు తన్ను దాను పరీక్షించుకొనునప్పుడు మొదటి దోషము కనబడిన పిదప, అఱువది దినములలో అది చెడు సంభావ్యత దోషము లేనివానికన్న 39 రెట్లు అధికమట. ఇది విని, డిస్కు తన స్థితిని తానే తెలుపు స్మార్ట్ నివేదికలను మాత్రమే నమ్ముకొని కూర్చుండుటకు వీలులేదు. చెడిన డిస్కులలో సగమునకు పైగా, ముఖ్యమైన నాలుగు హెచ్చరికలలో ఒక్కటియు ఇయ్యకయే కన్ను మూసినవని అదే పత్రము చెప్పుచున్నది.

అమెరికాలోని బ్యాక్‌బ్లేజ్ సంస్థ తాను నడుపు డిస్కుల వైఫల్యములను 2013 నుండి మోడలువారీగా లోకమునకు వెల్లడించుచున్నది. దాని లెక్క ప్రకారము వార్షిక వైఫల్యము 2023లో 1.70 శాతము, 2024లో 1.57 శాతము. ఇంతటి బహిరంగమైన పట్టిక మఱొకటి లేదు గనుక దానిని చూడకయే డిస్కు కొనుట అవివేకము; అయినను అచ్చటి యుష్ణోగ్రత, పెట్టెల నిర్మాణము, పనిభారము మనవి కావను సంగతిని మఱువరాదు. ఆ పట్టికనుండి గ్రహింపదగిన ముఖ్యాంశము, ఒకే సంస్థ తయారుచేసిన రెండు మోడళ్ల మధ్యనున్న యంతరము రెండు సంస్థల మధ్యనున్న యంతరముకన్న అధికముగా నుండవచ్చుననుట. ఫలానా కంపెనీ మంచిది, ఫలానాది చెడ్డది యను వాదములు మనవారిలో కులాభిమానమంత గాఢముగా వినవచ్చుచున్నవిగాని, డిస్కును కనిపెట్టిన ఐబీఎం సంస్థయే 2000 ప్రాంతమున విడుదల చేసిన డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ యను మోడలు విరివిగా చెడి, న్యాయస్థానము వఱకు పోయి, డెత్‌స్టార్ అని అపహాస్యము పాలైనది. పేరును నమ్మి కొనువారు ఈ యుదాహరణమును గుర్తుంచుకొనవలెను.

వేడిమి డిస్కునకు శత్రువని అందఱును నమ్ముదురు. గూగుల్ పత్రము సాధారణ పరిమితులలో ఉష్ణోగ్రతకును వైఫల్యమునకును బలమైన సంబంధము కానరాలేదని చెప్పి ఆ నమ్మకమును కొంత సడలించినది. 2016లో మైక్రోసాఫ్ట్ కేంద్రముల దత్తాంశముపై జరిగిన పరిశోధన యొకటి గాలిలోని తేమయే ఉష్ణోగ్రతకన్న ఎక్కువ హాని చేయుచున్నదని తేల్చినది. ఈ మాట మన కోస్తా ప్రాంతములవారు చెవినిబెట్టదగినది. విశాఖపట్టణములోను, కాకినాడలోను, మచిలీపట్టణములోను సాయంకాలము కార్యాలయము మూయుచు ఏసీని గూడ ఆపివేసి, లోపల సర్వరును మాత్రము రాత్రియంతయు నడువనిచ్చు అలవాటున్న చోట్ల, గది చల్లదనము చూపు థర్మామీటరు చాలదు. తేమను కొలుచు సాధనము గూడ గోడకు వ్రేలాడవలెను.

ఇప్పుడు కొనుగోలుదారులు అందఱికన్న ఎక్కువగా మోసపోయిన విషయమునకు వత్తును. పళ్లెముపై వ్రాతవరుసలు ఒకదాని నొకటి తాకకుండ విడివిడిగా నుండుట పూర్వపద్ధతి. దానిని సీఎంఆర్ అందురు. వరుసలను కొంతకొంత ఒకదానిపై నొకటి పడునట్లు వ్రాసి అదే పళ్లెముపై ఎక్కువ సమాచారమును ఇముడ్చుట ఎస్ఎంఆర్ పద్ధతి. చదువుటకు ఇందు చిక్కులేదు. ఒక వరుసను మార్చవలసి వచ్చినప్పుడు మాత్రము దానిపై బడిన ప్రక్క వరుసలను గూడ మరల వ్రాయవలెను. డిస్కు ఈ శ్రమను దాచుటకై కొత్త వ్రాతలను మొదట ఒక మూల పోగుచేసి, తీరిక దొరకినప్పుడు సర్దుకొనును. తీరిక యీయక గంటలకొలది వ్రాయించినచో ఆ మూల నిండిపోయి వేగము అధఃపాతాళమునకు దిగజారును. చెడిన డిస్కునకు బదులు కొత్తదానిని పెట్టి రెయిడ్‌ను పునర్నిర్మించునప్పుడు జరుగునది సరిగా అట్టి యెడతెగని వ్రాతయే. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ, నాస్ పెట్టెలకని అమ్ముచున్న తన రెడ్ డిస్కులలో 2 నుండి 6 టెరాబైట్ల మోడళ్లు కొన్ని ఎస్ఎంఆర్ పద్ధతివని, ఆ సంగతి పత్రములలో చెప్పబడలేదని ఒప్పుకొనవలసి వచ్చినది. పునర్నిర్మాణము మధ్యలో డిస్కులు వెలివేయబడుచుండుట చూచి వాడుకరులే గుట్టు బయటపెట్టిరి. తక్కిన తయారీదారులును తమ డిస్కులు కొన్నిటియందు ఇట్లే మౌనము పాటించినట్లు అప్పుడే తెలియవచ్చినది. తరువాత సీఎంఆర్ డిస్కులకు రెడ్ ప్లస్ అను వేఱు పేరు పెట్టబడినది. ఎస్ఎంఆర్ పద్ధతి స్వతహాగా నింద్యము కాదు. దానికి తగిన సాఫ్ట్‌వేరును తామే వ్రాసికొని డ్రాప్‌బాక్స్ వంటి సంస్థలు 2018 నుండియు దానిని లాభముతో వాడుచున్నవి. అట్టి సాఫ్ట్‌వేరు లేని మనబోటివారు మాత్రము పద్ధతి యేదో పత్రమున స్పష్టముగా వ్రాసియున్ననే తప్ప డిస్కును ముట్టరాదు.

రెయిడ్ సిద్ధాంతమును 1988లో బర్క్లీ విశ్వవిద్యాలయమున డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనువారు ప్రతిపాదించిరి. చవుకైన డిస్కులను కొన్నిటిని జతపఱచి, ఒకటి చెడినను తక్కినవానినుండి సమాచారమును రాబట్టునట్లు చేయుట దాని సారము. రెయిడ్ 5 ఒక డిస్కు పోయిననే భరించును. రెయిడ్ 6 రెండు పోయినను భరించును. 2007లో ఒక రచయిత, ఇంటి డిస్కు నూఱు లక్షల కోట్ల బిట్లకు, అనగా 12.5 టెరాబైట్లకు ఒకమారు చదువలేని చోటును ఎదుర్కొనునని పత్రములు చెప్పుచున్నందున, పెద్ద డిస్కుల పునర్నిర్మాణము మధ్యలో తప్పక విఫలమగుననియు, 2009 నాటికి రెయిడ్ 5 నిష్ప్రయోజనమగుననియు జోస్యము చెప్పెను. అంత ఖచ్చితముగా అది ఫలింపలేదు. పత్రములోని యంకె గరిష్ఠపరిమితియేగాని నిత్యానుభవము కాదు. అయినను జోస్యము తప్పినదని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. 20 టెరాబైట్ల డిస్కును సెకనుకు 250 మెగాబైట్ల వేగముతో, ఎడతెగక, వేఱు పనియేదియు లేక నింపినను 22 గంటలు పట్టును. పళ్లెము లోపలి అంచున వేగము తగ్గును గనుకను, సర్వరు తన నిత్యకృత్యములను ఆపదు గనుకను వాస్తవమున రెండు మూడు దినములగుట కలదు. ఆ దినములలో తక్కిన డిస్కులన్నియు మునుపెన్నడును లేని శ్రమకు లోనగుచుండును. అవి గూడ అదే దినమున, అదే పెట్టెనుండి, అదే బ్యాచినుండి వచ్చినవైనచో వాని వార్ధక్యము గూడ ఒకటే. 2019లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ తన ఎస్ఎస్‌డీలు కొన్ని ఫర్మ్‌వేరు దోషముచే సరిగా 32,768 గంటలు నడచినంతనే పనిచేయుట మానునని హెచ్చరించినది. ఒకే దినమున ఆరంభించినవన్నియు ఒకే గడియలో పోవును గనుక అట్టి చోట ఏ రెయిడ్ రక్షించును?

కావున ఐదారు డిస్కులు దాటిన చోట రెయిడ్ 6ను, లేదా జంటజంటలుగా ప్రతులుంచు రెయిడ్ 10ను వాడవలెను. డిస్కులను వేర్వేఱు బ్యాచులనుండి, వీలైనచో ఇద్దఱు విక్రేతలనుండి కొనవలెను. మార్కెట్టులో దొరకు అత్యధిక సామర్థ్యము వెంట పరుగిడక, పునర్నిర్మాణము ఒక రాత్రిలో ముగియు పరిమాణమున నిలువవలెను. 8 టెరాబైట్ల డిస్కు అదే వేగమున తొమ్మిది గంటలలోపల నిండును. మహా కేంద్రములకు 30 టెరాబైట్ల డిస్కు లాభదాయకము, ఏలనన వారు ప్రతి సమాచారమును పలు యంత్రములపై నుంచుకొందురు. ఒకే సర్వరుగల మనకు ఆ యాశ తగదు.

డిస్కును సర్వరుతో కలుపు సాస్, సాటా మార్గముల వివాదము పై విషయములంత గంభీరము కాదు. సాస్ వేగము సెకనుకు 12 గిగాబిట్లు, సాటా వేగము 6. కాని తిరుగు పళ్లెము ఇచ్చు 250 మెగాబైట్లు సాటా మార్గమున సగమును గూడ నింపవు. సాస్ డిస్కునకు రెండు ద్వారములుండుటచే రెండు నియంత్రక కార్డులు ఒకే డిస్కును చేరగలవు. అట్టి యేర్పాటున్న చోటనే దానికి ఎక్కువ ధర చెల్లించుట న్యాయము. 2013లో మొదలైన హీలియం డిస్కులను గూర్చియు భయపడ నవసరము లేదు. గాలికన్న ఏడవవంతు సాంద్రతగల ఆ వాయువు నింపుటచే పళ్లెములు ఎక్కువ ఇమిడి, విద్యుత్తు తక్కువ ఖర్చగుచున్నది. తన్ను దాను సంకేతలిపిలో వ్రాసికొను డిస్కులను మాత్రము ఆసుపత్రులును బ్యాంకులును తప్పక విచారింపవలెను. చెడిన డిస్కును వారంటీకై పంపునప్పుడు దానిపైనున్న రోగుల రహస్యములు గూడ పరుల చేతికి పోవును. వ్యక్తిగత దత్తాంశ రక్షణకై 2023లో మన పార్లమెంటు చట్టము చేసిన తరువాత ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

అంగడి సంగతి కొంత చెప్పవలసియున్నది. ఒకప్పుడు పదులకొలది సంస్థలు తయారుచేసిన హార్డ్ డిస్కును నేడు సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా అను మూడు సంస్థలే చేయుచున్నవి. 2011లో థాయిలాండున వరదలు వచ్చి కర్మాగారములు నీట మునుగగా ప్రపంచమంతటను ధరలు మండిపోయి, కుదుటపడుటకు చాలకాలము పట్టినది. అవసరము వచ్చినప్పుడు కొందములెమ్మని, బీరువాలో ఒక్క అదనపు డిస్కైనను ఉంచుకొననివారు ఆ యేడు చిక్కులపాలైరి. 2025 ఆరంభమున జర్మనీలో వేఱొక సంగతి వెలువడినది: వేలకొలది గంటలు వాడిన ఎంటర్‌ప్రైజ్ డిస్కులను, గంటల లెక్కను సున్నచేసి, కొత్తవిగా అమ్మిరి. చియా యను డిజిటల్ నాణెము వ్యాపారమున అరగిన డిస్కులవి యని అనుమానము. స్మార్ట్ లెక్క చెరిగినను డిస్కులోని మఱొక చిట్టాలో నిజము నిలిచియుండుటచే మోసము తెలిసినది. కావున అసాధారణమైన చవుక ధర కనబడినప్పుడు సంతోషమునకు ముందు సందేహము కలుగవలెను. బిల్లు, సీరియల్ సంఖ్య, తయారీదారుని వెబ్‌సైటున వారంటీ మన దేశమున చెల్లునా లేదా యను విషయము, ఈ మూడును డబ్బు చెల్లించుటకు ముందే సరిచూచుకొనవలెను.

నూఱుమంది పనిచేయు ఒక మధ్యస్థాయి సంస్థ నన్ను అడిగినచో, డేటాబేసునకు జంట ఎస్ఎస్‌డీలను, తక్కినదానికి ఐదేండ్ల వారంటీగల, 7,200 చుట్ల, సీఎంఆర్ పద్ధతి సాటా ఎంటర్‌ప్రైజ్ డిస్కులను 8 టెరాబైట్లవి ఆరింటిని రెయిడ్ 6లో పెట్టి, ఏడవదానిని విప్పని పెట్టెతో బీరువాలో నుంచుమని చెప్పుదును. అంతకన్న ఖరీదైన డిస్కులపై వెచ్చింపదలచిన ధనము మిగిలినచో దానిని వేఱొక భవనమున నుండు బ్యాకప్పునకు వినియోగింపవలెను. దొంగయు, నిప్పును, ఫైళ్లకు తాళము వేసి సొమ్మడుగు రాన్సమ్‌వేరును రెయిడ్‌కు లొంగవు. ఈ వ్యాసము చదివి కొత్త డిస్కుల కొటేషను కోరుటకు ముందు, ఇప్పుడున్న బ్యాకప్పునుండి నిరుటి ఫైలు నొకదానిని తిరిగి తెప్పించి, అది తెఱచుకొనుచున్నదో లేదో ఒకమారు చూడుడు.